పొద్దున్నే చూడండి, నోటుబుక్కులో రాయండి

ప్రపంచ కిడ్నీ దినం సందర్భంగా కర్నూలులో తల్లిదండ్రులు, ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు కలిసిన సమావేశంలో ఒక పిల్లల వైద్యురాలు మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసిపెట్టాం.

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్లు ముందుకొచ్చి కూర్చోండమ్మా, ఇక్కడ ఇంకా చోటుంది. పిల్లలు ఏడిస్తే ఏడవనీయండి, బయటికి తీసుకుపోవద్దు. వాళ్ల గురించే కదా మనం కూర్చున్నది.

ముందుగా ఒక మాట అడుగుతాను. "మీ బిడ్డకు కిడ్నీలో తేడా ఉంది" అని డాక్టరు చెప్పగానే మీకు మొదట ఏం గుర్తొచ్చింది? చెప్పండి. ఆ, అదే. డయాలసిస్. ఊళ్లో ఎవరో పెద్దాయన వారానికి మూడుసార్లు ఆసుపత్రికి పోయి సూది పొడిపించుకుని వచ్చేది గుర్తొచ్చింది. మొన్న నా దగ్గరికి ఆలూరు వైపు నుంచి ఒక అవ్వ మనవణ్ణి ఎత్తుకొచ్చింది. కిడ్నీ అన్న మాట నా నోట్లోంచి వచ్చిందో లేదో, "ఇంగ మా పిల్లోడు దక్కడా తల్లీ" అని అక్కడే కూలబడింది. ఆ పిల్లవాడు ఆ పూట నా బల్ల మీది పెన్ను లాక్కుని ఆడుకుంటున్నాడు.

అందుకే మొదట ఇది చెబుతున్నా. పెద్దవాళ్ల కిడ్నీ జబ్బు వేరు, పిల్లల కిడ్నీ జబ్బు వేరు. పెద్దవాళ్లలో ఎక్కువగా షుగరు, బీపీ ఏళ్ల తరబడి కిడ్నీని తింటూ వస్తాయి. పోయింది తిరిగి రాదు. పిల్లల్లో మనం ఎక్కువగా చూసే జబ్బు అట్లాంటిది కాదు. మళ్లీ చెబుతున్నా, అట్లాంటిది కాదు. సరిగ్గా మందు పడితే చాలామంది పిల్లలు పెద్దయ్యేసరికి దాన్నుంచి బయటపడతారు. పడకపోతే ఆ జబ్బు కంటే దాని వెంట వచ్చే ఇన్ఫెక్షను ఎక్కువ చెరుపు చేస్తుంది.

ఆ జబ్బు పేరు నెఫ్రోటిక్ సిండ్రోమ్. పేరు గుర్తు పెట్టుకోకపోయినా ఫరవాలేదు. ఎట్లా మొదలవుతుందో గుర్తు పెట్టుకోండి. ఎక్కువగా 2 నుంచి 6 ఏళ్ల మధ్య పిల్లలకు వస్తుంది. ఆడపిల్లల కంటే మగపిల్లల్లో ఎక్కువ. పొద్దున లేచేసరికి కళ్ల చుట్టూ వాపు. సాయంత్రానికి కొంచెం తగ్గుతుంది. తగ్గేసరికి మనం ఏమనుకుంటాం? ఏదో పురుగు కుట్టిందనుకుంటాం, దిష్టి తగిలిందనుకుంటాం. కళ్లకు చుక్కల మందు వేయించుకుని వస్తాం. ఇంకో వారానికి పాదాలు ఉబ్బుతాయి, కడుపు పెద్దదవుతుంది, నిక్కరు నాడా బిగుతవుతుంది. అప్పుడు కూడా కొందరు "పిల్లోడు బాగా ఒళ్లు చేసినాడు" అంటారు. పదిహేను రోజుల్లో మూడు కిలోలు పెరిగితే అది ఒళ్లు కాదమ్మా, నీళ్లు.

ఇంకో గుర్తు మూత్రం. ఉచ్చ అనే మాట ఇక్కడ సిగ్గుపడకుండా వాడుకుందాం, ఈ రోజంతా దాని గురించే మాట్లాడతాం. ఆ ఉచ్చ నురగ కడుతుంది. సబ్బు నీళ్ల మాదిరి నురగ వచ్చి, అది తొందరగా పోదు. ఎందుకు? మన ఇంట్లో జొన్నపిండి జల్లించే జల్లెడ ఉంది కదా. కన్నాలు సన్నగా ఉంటే పిండి దిగుతుంది, పొట్టు పైన నిలుస్తుంది. కన్నాలు సాగితే పొట్టు కూడా దిగిపోతుంది. ఒక్కో కిడ్నీలో దాదాపు 10 లక్షల చిన్న చిన్న జల్లెడలు ఉంటాయి. అవి రక్తాన్ని జల్లించి, పనికిరానిది ఉచ్చలోకి పంపి, పనికొచ్చేది నిలుపుకోవాలి. ఈ జబ్బులో ఆ కన్నాలు వదులై రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీను ఉచ్చలోకి కారిపోతుంది. రక్తంలో అది తగ్గితే నీళ్లు రక్తనాళాల్లో నిలవక ఒంట్లోకి ఊరతాయి. అదీ వాపు. మన పల్లెల్లో "ఒంటికి నీరు పట్టింది" అంటారే, మాట సరిగ్గానే పెట్టారు పెద్దవాళ్లు.

ఇప్పుడు మంచి మాట. ఆ జల్లెడ చిరిగిపోలేదు. వదులైంది, అంతే. చాలామందికి బిగించవచ్చు. ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర పడితే నూటికి 80 మందికి పైగా పిల్లల్లో, మామూలుగా రెండు మూడు వారాల్లోనే, ఉచ్చలో ప్రోటీను ఆగిపోతుంది. వాపు దిగిపోతుంది. 1950లకు ముందు, ఈ మాత్రలూ యాంటీబయాటిక్ మందులూ చేతికి రాకముందు, ఇదే జబ్బుతో ఇన్ఫెక్షన్లు వచ్చి ఎంతోమంది పిల్లలు చనిపోయేవారు. ఈ రోజు చవకగా దొరికే ఒక మాత్ర ఆ పని ఆపుతోంది.

స్టెరాయిడ్ అనగానే ఆ మూల కూర్చున్న నాయన ముఖం చిట్లించాడు, నేను చూశాను. అర్థమైంది. దాని సంగతి వస్తున్నా.

మొదటిసారి జబ్బు వచ్చినప్పుడు మాత్రలు 6 వారాలు రోజూ, ఆ తర్వాత 6 వారాలు దినం మార్చి దినం. అంటే మొత్తం 12 వారాలు. పొద్దున, తిన్న తర్వాత. ఎన్ని మాత్రలనేది బరువును బట్టి డాక్టరు రాస్తారు. రెండో వారానికి వాపు దిగుతుంది. పిల్లవాడు ఎప్పటి మాదిరి గంతులేస్తాడు. అక్కడే ప్రమాదం. వాపు పోయింది కదా, ఇంకా ఈ మాత్రలెందుకు, పైగా ముఖం గుండ్రంగా ఉబ్బుతోంది, ఆకలి విపరీతంగా ఉంది, ఊరికే కోపం వస్తోంది, చెంపల మీద నూగు వస్తోంది, ఆపేద్దాం అనిపిస్తుంది. ఎవరికనిపించదు? కన్న తల్లికి అనిపించకుండా ఎట్లా ఉంటుంది? కానీ ఆ ముఖం, ఆ ఆకలి, ఆ నూగు, ఇవన్నీ మాత్రలు తగ్గేకొద్దీ పోతాయి. మధ్యలో మానేస్తే జబ్బు తిరగబడుతుంది. అదొక్కటే కాదు. స్టెరాయిడ్ లాంటి పదార్థం ఒకటి మన ఒంట్లో సొంతంగా తయారవుతుంది. వారాల తరబడి బయటి నుంచి మాత్ర ఇస్తున్నప్పుడు ఒళ్లు దాన్ని తయారుచేయడం మానేస్తుంది. ఉన్నపళంగా మాత్ర ఆపితే లోపలా లేదు, బయటా లేదు. అట్లాంటి సమయంలో పెద్ద జ్వరమో వాంతులో వస్తే పిల్లవాడు కుప్పకూలుతాడు. కాబట్టి ఈ మాత్ర ఆపేది మీరు కాదు, పక్కింటివాళ్లు కాదు, మందుల షాపతను కాదు. రాసిన డాక్టరే ఆపాలి.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. నేను ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్త. మంత్రాలయం వైపు ఒక పల్లె నుంచి ఒక నాయన నాలుగేళ్ల కొడుకును తెచ్చాడు. ఒళ్లంతా వాపు. మాత్రలు పెట్టాను, పదో రోజుకు ఉచ్చ తేటబడింది. ఇంటికి పంపుతూ చీటీ రాసిచ్చాను. ఎన్ని వారాలు వాడాలో అంతా అందులో ఉంది. ఇంగ్లీషులో ఉంది. ఆయనకు తెలుగే చదవడం రాదు. నేను నోటితో చెప్పలేదు. బయట ఇంకా నలభై మంది కూర్చుని ఉన్నారు, తొందరలో చెప్పలేదు. ఇచ్చిన మాత్రలు అయిపోయాయి, వాపు పోయింది, బాగైందనుకున్నారు. వానలు లేవు, సుగ్గికి పోయారు. గుంటూరు పక్క మిరపకాయల కోతకు ఇంటిల్లిపాదీ పోయారు. నెలన్నర తర్వాత ఆ బిడ్డను నా దగ్గరికి తెచ్చేసరికి కడుపు కుండ మాదిరి ఉంది, ఒళ్లు కాలిపోతోంది, కడుపు మీద చెయ్యి వేస్తే అరుస్తున్నాడు. కడుపులో చేరిన నీళ్లకు ఇన్ఫెక్షను సోకింది. ఆ బిడ్డ బతికాడు. పన్నెండు రోజులు పట్టింది. ఆ పన్నెండు రోజులు ఆ నాయన నన్ను ఒక్క మాట అనలేదు. అనవలసింది. తప్పు ఆయనది కాదు. ఆ రోజు నుంచి నేను చీటీ రాసి ఊరుకోవడం మానేశాను. నోటితో చెప్తాను, మళ్లీ వాళ్ల చేత చెప్పించుకుంటాను.

మన కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు వాళ్లు ఉన్నారా ఇక్కడ? చేతులెత్తండి. చూశారా, ఎంతమంది ఉన్నారో. పంట లేనప్పుడు సుగ్గికి పోకుండా ఎట్లా? పోవద్దని నేనెట్లా చెబుతాను, నేనేమైనా కూలి ఇస్తానా? పోయే ముందు నా దగ్గరికో, మీ ఊరి ఏఎన్ఎమ్మ దగ్గరికో రండి. ఎన్నాళ్లు పోతున్నారో చెప్పండి. అన్నాళ్లకు సరిపడా మాత్రలు, ఆ నోటుబుక్కు మూటలో పెట్టుకోండి. ఆశా అక్కలూ, బండి ఎక్కే ముందు ఆ మూట ఒకసారి విప్పి చూడండి. ఇది నా మనవి.

నోటుబుక్కు అన్నాను కదా. అది ఏమిటో చెప్తాను, ఎందుకంటే ఈ రోజు మీరు ఇక్కడి నుంచి ఒక్కటే తీసుకుపోవాలంటే అదే తీసుకుపోవాలి.

ఈ జబ్బు తిరగబడుతుంది. మాత్రకు బాగా లొంగిన పిల్లల్లో కూడా నూటికి 70 మందికి పైగా కనీసం ఒక్కసారైనా తిరగబడుతుంది. కొందరికి పదేపదే వస్తుంది. ఒక జలుబు చేసినా చాలు. అది మీ తప్పు కాదు, మందు తప్పు కాదు, ఈ జబ్బు తీరే అంత. కానీ తిరగబడినప్పుడు వాపు వచ్చాక కనిపెట్టడం వేరు, వాపు రాకముందే కనిపెట్టడం వేరు. ఉచ్చలో ప్రోటీను ముందు వస్తుంది, వాపు తర్వాత వస్తుంది. ఆ మధ్య దొరికే కొన్ని రోజులే మనవి. ఆ రోజుల్లో పట్టుకుంటే మంచం ఎక్కాల్సిన పని లేదు, ఇంట్లోనే మాత్రలతో సర్దుకుంటుంది.

పట్టుకోవడం ఎట్లా? పొద్దున లేవగానే మొదటి ఉచ్చ ఒక గాజు గొట్టంలో మూడింట రెండొంతులు పట్టండి. పై భాగాన్ని దీపం మంట మీద కాచండి. కింద కాదు, పైన. తేటగా ఉందా, ప్రోటీను లేదు. తెల్లగా మబ్బు పట్టిందా, నాలుగు చుక్కల వెనిగరు వేయండి. మబ్బు విడిపోతే అది ప్రోటీను కాదు, ఇంకేవో లవణాలు. విడిపోకుండా అట్లాగే ఉంటే ప్రోటీనే. గుడ్డు ఉడికిస్తే తెల్లసొన గట్టిపడుతుంది కదా, అదే సంగతి, అట్లాంటి పదార్థమే. పెరుగు విరిగినట్టు గడ్డలు గడ్డలుగా వస్తే చాలా ఎక్కువ పోతోందని అర్థం. కాచడం ఇబ్బంది అనుకుంటే మందుల షాపులో ఉచ్చలో ముంచే పట్టీలు దొరుకుతాయి. పసుపు రంగులోనే ఉంటే లేదు. ఆకుపచ్చ ఎంత ముదిరితే ప్రోటీను అంత ఎక్కువ. డబ్బా మీదే రంగులు అచ్చువేసి ఉంటాయి.

చూసింది నోటుబుక్కులో రాయండి. తేదీ, ఉచ్చ ఎట్లా ఉంది, ఎన్ని మాత్రలు వేశారు, జ్వరం, దగ్గు ఏమైనా ఉందా, వారానికొకసారి బరువు. అంతే. వరుసగా మూడు రోజులు 3 ప్లస్సో 4 ప్లస్సో, అంటే ప్రోటీను చాలా ఎక్కువగా, వస్తే దాన్ని తిరగబడడం అంటాం. మూడో రోజు నాకు ఫోను చేయండి, లేదా వచ్చేయండి. అప్పుడు మళ్లీ రోజూ మాత్ర మొదలుపెట్టి, మూడు రోజులు వరుసగా తేటబడితే, ఆ తర్వాత 4 వారాలు దినం మార్చి దినం ఇచ్చి ఆపుతాం. చదువు రాని తల్లులు ఏం చేయాలని అడుగుతారు. నా దగ్గరికొచ్చే ఒక తల్లి తేటగా ఉంటే సున్నా, మబ్బుగా ఉంటే గీత పెడుతుంది. ఎక్కువుంటే రెండు గీతలు. రెండేళ్ల లెక్క ఆ బుక్కులో ఉంది. ఏ పెద్దాసుపత్రికి తీసుకుపోయినా ఆ సున్నాలూ గీతలూ చూసి డాక్టర్లు ఆమె బిడ్డకు మందు సరిచేయగలిగారు.

ఊరికూరికే తిరగబడే పిల్లలకు స్టెరాయిడే పోస్తూ పోతే ఎత్తు పెరగరు, ఎముకలు బలహీనపడతాయి, కంట్లో శుక్లం రావచ్చు. ఆ నాయన భయం ఇదే కదా? ఆ భయం నిజమే. అందుకే అట్లాంటి వాళ్లకు వేరే మందులు ఉన్నాయి. లెవమిసోల్, మైకోఫినోలేట్, టాక్రోలిమస్, ఇంకా ఎక్కువ ఇబ్బంది పెడితే రిటుక్సిమాబ్ సూది. ఏ బిడ్డకు ఏది అనేది ఎన్నిసార్లు తిరగబడింది, ఎంత మాత్ర మీద తిరగబడింది అన్న లెక్క చూసి తేలుస్తాం. ఆ లెక్క ఎక్కడుంది? మీ నోటుబుక్కులో.

తిండి గురించి. ఇక్కడ ఇళ్లల్లో పెద్ద తప్పు జరుగుతోంది. కిడ్నీ జబ్బు అనగానే పప్పు మాన్పిస్తారు, గుడ్డు మాన్పిస్తారు, పాలు మాన్పిస్తారు. వద్దమ్మా. ఉచ్చలో ప్రోటీను పోతున్న బిడ్డకు నోటితో ప్రోటీను మాన్పిస్తే ఎట్లా? ఈ జబ్బులో పప్పు, గుడ్డు, పాలు, అన్నీ మామూలుగానే పెట్టండి. తగ్గించాల్సింది ఉప్పు. వాపు ఉన్నన్నాళ్లు కూరలో ఉప్పు బాగా తగ్గించండి. ఊరగాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు, ఉప్పు చల్లిన చెనక్కాయలు, బేకరీ బిస్కెట్లు, పొట్లాల చిప్సు మాన్పించండి. రాగి సంగటిలో ఉప్పు లేకపోతే ఏమవుతుంది? పిల్లవాడు రెండు రోజులు ముఖం ముడుస్తాడు, మూడో రోజు తింటాడు. మాత్రల వల్ల ఆకలి ఎక్కువైనప్పుడు బొరుగులు, పండు, జొన్నరొట్టె ఇవ్వండి. నీళ్లు మాత్రం డాక్టరు చెప్పకుండా ఆపవద్దు. వాపు దిగడానికని ఉచ్చ ఎక్కువ పోయే మాత్రలు సొంతంగా వేయవద్దు. ఒంట్లో నీళ్లు ఉన్నట్టు కనిపిస్తుంది గానీ రక్తనాళాల్లో నీళ్లు తక్కువగా ఉంటాయి. ఇంకా లాగేస్తే రక్తం చిక్కబడి గడ్డకడుతుంది.

వాపున్న పిల్లకు జ్వరంతో కడుపునొప్పి వస్తే అది అజీర్తి కాదు, ఆ పూటే ఆసుపత్రికి రండి. ఒక కాలు మాత్రమే ఉబ్బి నొప్పి పుట్టినా, విడవకుండా తలనొప్పి, వాంతులు ఉన్నా అంతే. మాత్రలు వాడే బిడ్డ ఉన్న ఇంట్లో గానీ బడిలో గానీ ఎవరికైనా ఆటలమ్మ పోస్తే వెంటనే చెప్పండి. అంగన్‌వాడీ టీచర్లూ, పెద్ద మోతాదులో స్టెరాయిడ్ వాడుతున్నప్పుడు తట్టు, రుబెల్లా లాంటి బతికున్న క్రిములతో చేసే టీకాలు వేయకూడదు. న్యుమోనియా రాకుండా వేసే న్యుమోకాకస్ టీకా మాత్రం వీళ్లకు తప్పకుండా పడాలి.

ఇంకో రకం ఉంది, ఎక్కువసేపు చెప్పను. పిల్లవాడికి కాళ్ల మీద గజ్జి పుండ్లు చీము పట్టాయి, లేదా గొంతు నొప్పి వచ్చింది. గొంతు అయితే ఒకటి రెండు వారాలకు, పుండ్లయితే మూడు నుంచి ఆరు వారాలకు ఉచ్చ మాంసం కడిగిన నీళ్ల మాదిరి, చాయి డికాషన్ మాదిరి వస్తుంది. ముఖం కొంచెం ఉబ్బుతుంది. ఉచ్చ తగ్గుతుంది. ఇందులో భయపడాల్సింది బీపీ. చిన్నపిల్లలకు బీపీ ఏంటని అనుకోవద్దు. బీపీ పెరిగి ఫిట్సు వచ్చాక తెచ్చిన పిల్లలను చూశాను. ఆ మొదటి వారం దాటించగలిగితే ఇది దాదాపు అందరికీ పూర్తిగా నయమవుతుంది. ఇంట్లో ఒకరికి గజ్జి వస్తే అందరూ ఒకేసారి మందు రాసుకోండి, దుప్పట్లు ఉడకబెట్టి ఎండలో వేయండి. మన ఎండకు కొదవ లేదు కదా.

ఇప్పుడు కష్టమైన భాగానికి వస్తున్నా. అన్నీ బాగైపోయేవే అని చెప్పి పంపిస్తే నేను అబద్ధం చెప్పినట్టు.

కొందరు పిల్లలకు కిడ్నీ పుట్టుకతోనే సరిగ్గా ఏర్పడదు. నేను చెప్పానే 10 లక్షల జల్లెడలని, అవన్నీ తల్లి కడుపులోనే తయారవుతాయి. పుట్టాక కొత్తది ఒక్కటి కూడా రాదు. కొందరికి చిన్న కిడ్నీలు, కొందరికి ఉచ్చ కిందికి పోకుండా పైకి ఎగదన్నుతుంది. మగపిల్లల్లో ఒక్కోసారి ఉచ్చ దారిలో చిన్న పొర అడ్డం ఉంటుంది. పిల్లల్లో శాశ్వతంగా కిడ్నీ దెబ్బతినడానికి పెద్ద కారణం ఈ పుట్టుక లోపాలే. గర్భంలో స్కాను తీసినప్పుడు "బిడ్డ కిడ్నీలో నీరుంది" అని రాస్తే ఆ కాగితం పారేయవద్దు. కాన్పయ్యాక బిడ్డకు మళ్లీ స్కాను తీయించాలి. మగబిడ్డ ఉచ్చ ధారగా దూరం పడకుండా చుక్కలు చుక్కలుగా కారుతుంటే వెంటనే చూపించండి. ఆ పొరను గొట్టం పెట్టి కోసేస్తారు. ఏడాదిలోపు బిడ్డకు దగ్గు లేదు, జలుబు లేదు, ఊరికే జ్వరం వస్తుంటే ఉచ్చ పరీక్ష చేయించాలి. ప్రతి జ్వరానికి ఒక సూది వేయించుకుని తగ్గింది అనుకుంటూ పోతే లోపల కిడ్నీ మీద మచ్చలు పడుతూ పోతాయి.

పిల్ల ఎత్తు పెరగడం లేదు, కాళ్లు వంకరపోతున్నాయి, రక్తం తక్కువగా ఉంది, రాత్రి లేచి లేచి నీళ్లు తాగుతుంది, ఎనిమిదేళ్లు వచ్చినా పక్క తడుపుతుంది. వీటిలో రెండు మూడు కలిసి ఉంటే, కిడ్నీ బయటికి పంపాల్సిన చెత్త రక్తంలో ఎంత మిగిలిందో చూపే క్రియాటినిన్ అనే రక్తపరీక్ష చేయించండి. ఇక్కడ ఒక మోసం ఉంది, జాగ్రత్తగా వినండి. నర్సమ్మలు, ల్యాబు పిల్లలు కూడా వినండి. మూడేళ్ల పాప, ఎత్తు 95 సెంటీమీటర్లు. క్రియాటినిన్ 0.9 వచ్చింది. ల్యాబు కాగితంలో పక్కనే 1.2 దాకా మామూలే అని అచ్చు వేసి ఉంటుంది. అది పెద్దవాళ్ల లెక్క. కిడ్నీలు ఎంత జల్లిస్తున్నాయో తేల్చడానికి పిల్లలకు వేరే లెక్క ఉంది. 0.413ను ఎత్తుతో హెచ్చించి క్రియాటినిన్‌తో భాగించాలి. 95తో హెచ్చిస్తే 39 చిల్లర. దాన్ని 0.9తో భాగిస్తే 44. ఉండాల్సింది 90కి పైన. అంటే మామూలే అని రాసిన ఆ కాగితం చేతిలో పట్టుకుని ఆ తల్లి ఇంటికి పోతోంది, పాప కిడ్నీలు సగం కంటే తక్కువ పనిచేస్తున్నాయి. అదే పాపకు 0.4 వచ్చి ఉంటే 98, నిశ్చింతగా ఉండొచ్చు. చూడండి, ఆ చిన్న అంకెలో ఎంత తేడా ఉందో. పిల్లకు క్రియాటినిన్ చేయించినప్పుడు ఎత్తు కొలిచారా అని అడగండి. అడిగే హక్కు మీకుంది.

44 అని తేలినంత మాత్రాన రేపే డయాలసిస్ అని కాదు. బీపీ అదుపులో పెట్టి, రక్తం, ఎముకలు, ఒంట్లో ఆమ్లం సరిచేసుకుంటూ పోతే ఏళ్ల తరబడి ఆ కిడ్నీలతోనే బడికి పోవచ్చు. ముందుగా తెలిస్తేనే ఆ ఏళ్లు దక్కుతాయి.

మందుల గురించి గట్టిగా చెప్పాలి. జ్వరానికి పారాసెటమాల్ చాలు. నొప్పి సూదులు, నొప్పి మాత్రలు కిడ్నీ తేడా ఉన్న పిల్లలకు వద్దు. వాంతులు, విరేచనాలతో ఎండిపోయిన పిల్లలకు అసలే వద్దు. జ్వరానికీ నొప్పికీ వాడే నిమెసులైడ్‌ను 12 ఏళ్ల లోపు పిల్లలకు వాడకూడదని మన దేశంలో 2011లోనే నిషేధించారు. అయినా పాత సీసా ఇంట్లో ఉందని తాగించేవాళ్లు ఉన్నారు. దగ్గు మందు సంగతి మీరు పేపర్లో చదివే ఉంటారు. 2022లో గాంబియా దేశంలో, 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారాలో, దగ్గు మందులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసి, తాగిన పిల్లలకు ఉచ్చ ఆగిపోయి ఎంతమంది చనిపోయారో. అంతకు ముందు వారం వాళ్లు ఆడుకుంటున్న పిల్లలు. మామూలు దగ్గుకు చిన్నపిల్లలకు ఆ సిరప్పులు అక్కర లేదు. ఏ మందు వేసినా, వేశాక పన్నెండు గంటలు ఉచ్చ పోకపోతే ఆ సీసా వెంట పెట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తండి.

నెఫ్రోటిక్ పిల్లల్లో 6 వారాలు రోజూ మాత్ర వేసినా తేటబడనివాళ్లు ఉంటారు. వాళ్లకు కిడ్నీ ముక్క తీసి పరీక్ష చేయాలి. ముక్క అంటే సూది మొనంత. టాక్రోలిమస్ లాంటి మందులకు వాళ్లలో చాలామంది కొంతైనా లొంగుతారు. లొంగనివాళ్లలో కొందరికి జన్యువులోనే తేడా ఉంటుంది. ఇక్కడ మేనరికం మాట ఎత్తక తప్పదు. మేనమామకు, మేనబావకు ఇవ్వడం మన పక్క అలవాటు. రక్తసంబంధంలో పెళ్లయితే, ఇద్దరిలోనూ దాగి ఉన్న ఒకే తేడా బిడ్డలో కలిసే అవకాశం పెరుగుతుంది. ఇది చెప్పగానే అత్తలు కోడలి వైపు చూస్తారు. చూడొద్దు. ఆ తేడా ఇద్దరి దగ్గర నుంచీ వస్తుంది, సగం మీ కొడుకుది. మేనరికం చేసుకున్న ప్రతి ఇంట్లోనూ ఈ జబ్బు రాదు. కానీ ఒక బిడ్డకు వచ్చి ఉంటే, రెండో బిడ్డను కనే ముందు జన్యు పరీక్ష గురించి మాట్లాడండి.

కిడ్నీలు పూర్తిగా ఆగిపోతే? అప్పుడు కూడా దారి ఉంది. చిన్నపిల్లలకు కడుపులో మెత్తటి గొట్టం పెట్టి, ద్రవం నింపి తీసే డయాలసిస్ ఉంది. నేర్చుకుంటే తల్లే ఇంట్లో చేయొచ్చు, పిల్ల బడికి పోవచ్చు. చేతులు కడుక్కోవడం దగ్గర మాత్రం రాజీ ఉండకూడదు. కిడ్నీ మార్పిడి ఇంకా మంచిది. 1954లో అమెరికాలో కవల అన్నదమ్ముల మధ్య మొదటిసారి విజయవంతంగా చేశారు. మన దేశంలో 1971లో వెల్లూరులో చేశారు. పెద్దవాళ్ల కిడ్నీ పది కిలోల పైబడిన పిల్లల కడుపులో కూడా పట్టించగలరు. అమ్మ ఇవ్వొచ్చు, నాన్న ఇవ్వొచ్చు. 2011లో చట్టం మార్చినప్పటి నుంచి అవ్వాతాతలు కూడా దగ్గరి బంధువుల లెక్కలోకి వచ్చారు. ఇంట్లో ఎవరూ సరిపోకపోతే, చనిపోయినవాళ్ల అవయవాలు అవసరమైనవాళ్లకు అందించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించాలి. మార్పిడి అయ్యాక ఆగిపోయిన ఎత్తు మళ్లీ పెరిగిన పిల్లలను చూశాను. అన్నం ముద్ద చూస్తే వాంతి చేసుకునే పిల్ల "ఇంకొంచెం పెట్టు" అని అడుగుతుంది. మాత్రలు మాత్రం బతికినంత కాలం వాడాలి. పదహారు, పదిహేడేళ్ల వయసులో జాగ్రత్త. స్నేహితుల ముందు నామోషీ అని మానేస్తారు, అమ్మ ఇచ్చిన కిడ్నీ ఒక్క ఏడాదిలో పోతుంది. ఆ వయసు పిల్లలను తిట్టొద్దు. పక్కన కూర్చుని, మీరు చూస్తుండగా వేయించండి.

డబ్బు సంగతి అడగాలని ఉండి అడగలేకపోతున్నారు. డయాలసిస్‌కు, మార్పిడి ఆపరేషనుకు ప్రభుత్వ పథకం ఉంది. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు మొట్టమొదట పెట్టిన మూడు జిల్లాల్లో మన పక్క అనంతపురం ఒకటి. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారు. భూమి అమ్మే ముందు, బంగారం కుదువ పెట్టే ముందు, ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను కలవండి. ముందు ఆ బల్ల దగ్గరికి పోండి, తర్వాత డబ్బు లెక్క చూసుకుందాం. హైదరాబాద్, తిరుపతి, బెంగళూరు పోవలసి వస్తే పాత కాగితాలన్నీ ఒకే సంచిలో, తేదీల వరుసన పెట్టుకుని పోండి.

నేను చాలాసేపు మాట్లాడాను. ఇంక మాటలు వద్దు. ఆ బల్ల మీద స్పిరిటు దీపం, గాజు గొట్టాలు, వెనిగరు, పట్టీలు పెట్టించాను. మీరు ఇంటి నుంచి సీసాల్లో తెచ్చిన పొద్దుటి ఉచ్చ అట్లాగే తీసుకురండి. ఒక్కొక్కరే వచ్చి మీ చేతులతోనే కాచి చూడండి, నేను పక్కనే ఉంటాను. తర్వాత తలా ఒక నోటుబుక్కు ఇస్తాం. మొదటి పేజీలో ఈ రోజు తేదీ నేనే వేశాను, దాని పక్కన ఏం రాయాలో మీరు చూసి రాయండి. రా అవ్వా, ముందు నువ్వు రా. మనవణ్ణి నాకివ్వు, నేనెత్తుకుంటా.